రెండు సెంటీమీటర్ల కాలేయం

ఉమ్మడి కడప జిల్లాలో నేలను రెండు రకాలుగా తొలుస్తారు. నీళ్ల కోసం రైతు పిలిపించే బోరు బండి రాయిని దంచి పిండి చేస్తుంది. పైకి ముందు తెల్లటి దుమ్ము లేస్తుంది, అదృష్టం ఉంటే ఆ తర్వాత నీళ్లు. తుమ్మలపల్లెలో యురేనియం, మంగంపేటలో ముగ్గురాయి ఏ లోతున, ఎంత మందంగా ఉన్నాయో తేల్చాల్సిన భూగర్భ శాస్త్రవేత్తకు ఆ దుమ్ము చాలదు. ఆయన బోలు బిట్టుతో రాతిని గుండ్రంగా కోయించి, కడ్డీలాంటి ముక్కను పొరలు చెదరకుండా బయటికి తీయిస్తాడు. దాన్ని కోర్ అంటారు. దుమ్మును బట్టి కింద సున్నపురాయి ఉందని చెప్పొచ్చు. ఏ పొర మీద ఏ పొర కూర్చుందో, పగులు ఎక్కడుందో చెప్పాలంటే కోర్ చేతికి రావాలి.

కాలేయాన్ని పరీక్షించే వైద్యుడిదీ అదే అవసరం. మన కాలేయం బరువు సుమారు కిలోన్నర. అందులోని కణాలు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న చిన్న గదులుగా అమరి ఉంటాయి. ప్రతి గదికీ మధ్యలో ఒక సిర, మూలల్లో పోర్టల్ ట్రాక్ట్ అనే కట్ట ఉంటాయి. ఆ కట్టలో మూడు గొట్టాలు కలిసి నడుస్తాయి: పేగుల నుంచి రక్తం తెచ్చే సిర, గుండె నుంచి వచ్చే ధమని, పైత్యరసాన్ని తీసుకుపోయే నాళం. రక్తం మూలల్లో దిగి, కణాల మధ్య నుంచి పారి, నడిమి సిరలో కలుస్తుంది. జబ్బులు ఈ గది మొత్తాన్నీ ఒకేలా పాడుచేయవు. హెపటైటిస్ బి, ఆటోఇమ్యూన్ హెపటైటిస్ ఎక్కువగా మూలల్లో మొదలవుతాయి. మద్యం వల్ల, కొవ్వు వల్ల జరిగే నష్టం పెద్దవాళ్లలో ముందు నడిమి సిర చుట్టూ కనిపిస్తుంది. అంటే ఏ కణం చెడిందన్నది సగం సమాచారమే, అది గదిలో ఎక్కడ చెడిందన్నది మిగతా సగం. కణాలు విడివిడిగా వస్తే ఆ రెండో సగం పోతుంది.

గడ్డ ఉన్నప్పుడు సంగతి వేరు. అది క్యాన్సరా కాదా అన్నది సన్నని సూదితో లాగిన కొద్దిపాటి కణాలు కూడా చాలాసార్లు చెప్పేస్తాయి. కాలేయమంతా పరుచుకున్న జబ్బుకే కోర్ కావాలి. ఈ అధ్యాయం ఆ కోర్ గురించి, ముఖ్యంగా నోటి ద్వారా వెళ్లి కడుపు గోడలోంచి దాన్ని తీసే కొత్త పద్ధతి గురించి.

ముందుగా ఒక మాట. కాలేయంలో కొవ్వు ఉందని స్కానింగ్ కాగితంలో రాసి ఉన్న వాళ్లందరికీ బయాప్సీ, అంటే ఈ ముక్క తీసే పరీక్ష, అక్కర్లేదు, అసలు చాలామందికి అక్కర్లేదు. మామూలు రక్తపరీక్షలతో ఇంట్లోనే కట్టుకోగల లెక్క ఒకటుంది, పేరు ఫిబ్-4. వయసును ఏఎస్టీ అనే కాలేయ ఎంజైము అంకెతో గుణించి, ప్లేట్‌లెట్ల సంఖ్యను మరో ఎంజైము ఏఎల్టీ వర్గమూలంతో గుణించగా వచ్చిన దానితో భాగించాలి. ప్లేట్‌లెట్లను ఇక్కడ వేలల్లో తీసుకోవాలి, రెండు లక్షలు ఉంటే 200 అని. నంద్యాలలో 48 ఏళ్ల మనిషికి ఏఎస్టీ 50, ఏఎల్టీ 64, ప్లేట్‌లెట్లు రెండు లక్షలు ఉన్నాయనుకుందాం. 48ని 50తో గుణిస్తే 2400. 64 వర్గమూలం 8, దాన్ని 200తో గుణిస్తే 1600. భాగిస్తే 1.5 వస్తుంది. 1.3 కంటే తక్కువైతే కాలేయం బాగా గట్టిపడి ఉండే అవకాశం చాలా తక్కువ. 2.67 దాటితే జాగ్రత్త పడాలి. మన మనిషి మధ్యలో ఉన్నాడు. ఆయన్ని సూది దగ్గరికి పంపరు, ఫైబ్రోస్కాన్‌కు పంపుతారు. అది పక్కటెముకల మధ్య నుంచి చిన్న తట్టు తట్టి, ఆ అల ఎంత వేగంగా పోయిందో కొలిచి, కాలేయం బిగువు చెబుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా తేలనివి కొన్ని మిగులుతాయి. మన సీమలో వాటిలో ఒకటి తరచుగా ఎదురవుతుంది: పచ్చకామెర్లు అనగానే ఆకుపసరు తాగించడం, షుగరుకనీ కీళ్లనొప్పులకనీ పేరు తెలియని పొడులు నెలల తరబడి వాడడం. కామెర్లు తగ్గకుండా ఎంజైములు వేలల్లోకి ఎక్కితే, అది మందు చేసిన చెరుపా, లేక శరీరం తన కాలేయం మీద తానే దాడి చేస్తున్న ఆటోఇమ్యూన్ జబ్బా? మొదటిదైతే మందు ఆపడమే అసలు చికిత్స. రెండోదైతే స్టెరాయిడ్లు మొదలుపెట్టి, ఆపై ఏళ్ల తరబడి మందులు వాడాలి. రక్తపరీక్షలు రెండింటిలోనూ ఒకేలా ఉండొచ్చు. కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. అక్కడ బయాప్సీలో కనిపించినవి ఆటోఇమ్యూన్ తరహా లక్షణాలే. మొక్క కాబట్టి హాని చేయదన్న నమ్మకం ఎంత ప్రమాదమో ఆ ముక్కలు చూపించాయి.

కాలేయంలోకి మొదట సూది దించినవాడు పాల్ ఎర్లిష్, 1883లో, జర్మనీలో. మధుమేహ రోగి కాలేయంలో గ్లైకోజెన్ ఎంత ఉందో చూడాలన్నది ఆయన ఉద్దేశం. ఆ తర్వాత డెబ్బై అయిదేళ్ల పాటు అది కాస్త సాహసంగానే ఉండిపోయింది. 1958లో ఇటలీకి చెందిన మెంఘీనీ, సూది కాలేయంలో ఒక్క సెకను మాత్రమే ఉండే పద్ధతి చెప్పాక సాధారణ పరీక్ష అయింది. కుడివైపు పక్కటెముకల మధ్య నుంచి వెళ్లే ఈ దారి ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువగా వాడేది. ఇప్పుడు అల్ట్రాసౌండ్ చూస్తూ చేస్తారు, చాలాచోట్ల స్ప్రింగు ఉన్న బయాప్సీ గన్ వాడతారు. కడుపులో నీరు చేరినవాళ్లకు, రక్తం గడ్డకట్టడంలో లోపం ఉన్నవాళ్లకు మెడ సిర దారి ఉంది. మెడలో ప్రవేశించిన గొట్టం గుండె కుడి గదిగుండా దిగి కాలేయ సిరను చేరుతుంది, ముక్క లోపలి నుంచే వస్తుంది. రక్తం కారినా సిరలోకే కారుతుంది.

ఎంత ముక్క కావాలన్నది బయాప్సీలో అసలు ప్రశ్న. పరికరాల గురించి మాట్లాడినంతగా దీని గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. సూది తెచ్చేది కాలేయంలో సుమారు 50,000వ వంతు. కిలోన్నర అవయవం మీద తీర్పు కొన్ని పదుల మిల్లీగ్రాముల మీద నిలుస్తుంది. ఇటలీలో కొల్లొరెడో బృందం 2003లో ఒక మంచి పని చేసింది. మూడు సెంటీమీటర్లు, అంతకంటే పొడవున్న 161 ముక్కలు తీసుకుని, ముందు మొత్తం చదివారు. తర్వాత ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే కనిపించేలా, ఆ తర్వాత ఒక్క సెంటీమీటరే కనిపించేలా చేసి మళ్లీ చదివారు. ముక్క చిన్నదయ్యే కొద్దీ జబ్బు తేలికగా కనిపించింది. రోగి అదే, కాలేయం అదే. చిన్న ముక్క ఊరికే అనిశ్చితంగా ఉండదు, ఒకే వైపుకి, ధీమా ఇచ్చే వైపుకి తప్పుతుంది. కనీసం 11 పోర్టల్ ట్రాక్టులు, రెండు సెంటీమీటర్లకు తగ్గని పొడవు ఉండాలన్న ప్రమాణానికి ఆ పరిశీలన ముఖ్యమైన ఆధారం. అమెరికా కాలేయ వైద్యుల సంఘం 2009లో రెండు మూడు సెంటీమీటర్ల పొడవు, 16 గేజ్ సూది అని సిఫారసు చేసింది. గేజ్ లెక్క తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోవాలి, అంకె పెరిగితే సూది సన్నబడుతుంది. 16 గేజ్ సూది వెలుపలి వ్యాసం సుమారు 1.65 మిల్లీమీటర్లు, 19 గేజ్ 1.07, 22 గేజ్ 0.72.

పొడవుతోనే పని అయిపోదు. 2002లో రెగెవ్ బృందం హెపటైటిస్ సి ఉన్న 124 మందికి ల్యాపరోస్కోపీలో కుడి తమ్మె నుంచి, ఎడమ తమ్మె నుంచి వేర్వేరుగా ముక్కలు తీసింది. మూడింట ఒక వంతు మందిలో రెండు ముక్కల మధ్య ఫైబ్రోసిస్‌లో, అంటే కాలేయం మచ్చకట్టి గట్టిపడడంలో, కనీసం ఒక దశ తేడా వచ్చింది. కొందరిలో ఒక తమ్మె ఆ చివరి దశ అయిన సిరోసిస్ అంటే, రెండోది ఇంకా సిరోసిస్ రాలేదంది. కొవ్వు కాలేయం మీద 2005లో ఫ్రాన్స్‌లో రాజియు చేసిన పరిశీలనలో, 51 మందికి ఒకే పూట రెండేసి ముక్కలు తీస్తే ఫైబ్రోసిస్ దశ పదిమందిలో నలుగురికి కలవలేదు. పక్కటెముకల దారిలో వెళ్లే సూది మామూలుగా కుడి తమ్మెనే తాకుతుంది.

ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్, వైద్యుల నోట ఈయూఎస్, ఈ చర్చలోకి వచ్చింది ఇక్కడే. కొసన చిన్న అల్ట్రాసౌండ్ యంత్రం బిగించిన ఎండోస్కోపు అది. 1980లో తొలి నమూనాలు వచ్చాయి. 1990ల మొదట్లో డెన్మార్క్‌లో విల్మన్ దానిగుండా సూది పంపి క్లోమగ్రంథి గడ్డ నుంచి కణాలు లాగాడు. అన్నవాహిక కింద, కడుపు పైభాగంలో స్కోపు ఆపితే కాలేయం ఎడమ తమ్మె గోడకు ఆనుకుని ఉంటుంది. ఇంకొంచెం ముందుకు, చిన్నపేగు మొదటి మలుపులోకి తోస్తే కుడి తమ్మె ఎదురవుతుంది. డాప్లర్ రంగుల్లో రక్తనాళాలు కనిపిస్తాయి కాబట్టి వాటిని తప్పించి సూది దించవచ్చు. ఒకే పూట రెండు తమ్మెలూ అందుతాయి. మత్తులో చేస్తారు, చర్మం, పక్కటెముకలు, ఊపిరితిత్తి పొర దారిలో లేవు కనుక తర్వాతి నొప్పి తక్కువ.

మామూలు కాలేయ బయాప్సీకి దీన్ని వాడొచ్చని 2007లో పెన్సిల్వేనియాలో అబ్రహాం మాథ్యూ ఇద్దరు రోగులతో చూపించాడు. 2015లో డీల్ నాయకత్వంలో ఎనిమిది కేంద్రాలు కలిసి 110 మంది ఫలితాలు వెల్లడించాయి. 98 శాతం మందిలో రోగనిర్ధారణకు చాలినంత కణజాలం దొరికింది, ముక్కల పొడవు మధ్యస్థం 38 మిల్లీమీటర్లు, పోర్టల్ ట్రాక్టులు 14. ఈ 38 దగ్గర కాస్త ఆగాలి. అది వచ్చిన ముక్కలన్నిటినీ వరుసగా పేర్చి కూడిన పొడవు. అయిదారు తునకలుగా వచ్చిన 38 మిల్లీమీటర్లు, ఏకంగా వచ్చిన 20 మిల్లీమీటర్లు ఒకటి కావు. తునక అంచుల్లో పోర్టల్ ట్రాక్టులు సగానికి తెగిపోతాయి. మచ్చకణజాలం కట్టే వంతెనలు ఆ అంచుల దగ్గరే కనబడకుండా పోతాయి, పైగా సిరోసిస్ ముదిరిన కాలేయానికి తనంతట తానే తునకలుగా విడిపోయే గుణం ఉంది. అందుకే తర్వాతి దశాబ్దపు ప్రయోగాలన్నీ ముక్కను విరగకుండా ఎలా తేవాలన్న దాని చుట్టూ తిరిగాయి.

మొదటి తేడా సూది మొనలో ఉంది. పాతది ఫైన్ నీడిల్ ఆస్పిరేషన్ సూది, ఇంజక్షన్ సూదిలా ఏటవాలు మొన. అది కణాలను పీల్చడానికి పుట్టింది, సీమ భాషలో చెప్పాలంటే బోరు బండి వైపుది. కొత్తది ఫైన్ నీడిల్ బయాప్సీ సూది, కోసుకుంటూ పోతుంది. వీటిలో ఒక రకం మొన మూడు కొమ్ముల కిరీటంలా ఉంటుంది. 1941లో ఫ్రాన్సీన్ అనే వైద్యుడు వర్ణించిన సూది ఆకారం అది, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇంకో రకం పంగలకర్రలా రెండు మొనలు చీలి ఉంటుంది. పెన్సిల్వేనియాలోని గైసింగర్ ఆసుపత్రిలో 2019లో 19 గేజ్ పాత సూదినీ 19 గేజ్ కొత్త సూదినీ చీటీ వేసి పోల్చారు. కొత్తది ఎక్కువ పొడవు, ఎక్కువ ట్రాక్టులు తెచ్చింది. మూడు కొమ్ములదీ పంగ మొనదీ ఒకే రోగుల్లో పోల్చిన మరో అధ్యయనం 2021లో మూడు కొమ్ములదే మెరుగని తేల్చింది. ఇక 22 గేజ్ సంగతి. సన్నని సూది తక్కువ హాని చేస్తుందని అనిపిస్తుంది గానీ, కాలేయ జబ్బుకు అది తెచ్చే దారప్పోగులాంటి ముక్క మధ్యలో తెగుతుంది. హాని తగ్గకపోగా జవాబు పోతుంది, మళ్లీ గుచ్చాల్సి వస్తుంది.

రెండో తేడా పీల్చడంలో. సూది వెనక సిరంజితో లాగితే రక్తం కూడా వస్తుంది. ఆ రక్తం సూదిలోనే గడ్డకట్టి, ముక్కను పట్టుకుని, బయటికి తోసేటప్పుడు నలిపేస్తుంది. దీనికి కనిపెట్టిన ఉపాయం ఎంత సులువైనదో చూడండి. సూదిని ముందే హెపారిన్ ద్రవంతో నింపి దించుతారు. హెపారిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, గొట్టంలో గాలికి బదులు ద్రవం ఉండడం వల్ల పీల్చే బలం నేరుగా కొసకు అందుతుంది. పొడి సూదినీ తడి సూదినీ 2018లో పోల్చినప్పుడు తడి హెపారిన్ పద్ధతిలో ముక్కలు పొడుగ్గా, తక్కువ తునకలుగా వచ్చాయి. కోట్ల రూపాయల యంత్రం చేతిలో ఉన్నా, ఫలితాన్ని మార్చింది సూదిలో నింపిన ఆ కాస్త మందు.

మూడోది చేతిది. ఒకసారి గుచ్చి లోపల ఒక్కసారి ముందుకు తోసి తీయాలా, ఒకే గుచ్చుడులో మూడుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించాలా అన్నదాన్నీ చీటీ వేసి తేల్చారు. మూడుసార్లు ఆడిస్తే కణజాలం ఎక్కువ వచ్చింది, ఇబ్బందులు పెరగలేదు. ముక్క బయటికొచ్చాక దాన్ని ఫోర్సెప్స్‌తో పట్టి లాగకూడదు. సెలైన్‌లోకి మెల్లగా తోసి, జల్లెడ మీద రక్తం కడిగి, ఫార్మలిన్‌లోకి జారవిడవాలి. అంత కష్టపడి తెచ్చిన కోర్ ఈ చివరి నిమిషంలో విరగ్గలదు, ఈ పని చాలాచోట్ల అందరికంటే కొత్తగా చేరినవాళ్ల చేతికి వదిలేస్తారు.

ఇంత మెరుగుపడ్డాక ఈయూఎస్ పాత దారిని మించిందా? ఫ్లోరిడాలోని ఓర్లాండోలో నేరుగా పోల్చిన చిన్న ప్రయోగం 2021లో అచ్చయింది. అందులో చర్మం మీదుగా తీసిన బయాప్సీయే గెలిచింది, ప్రమాణానికి సరిపడే ముక్కలు దానిలోనే ఎక్కువ వచ్చాయి. వేరే కేంద్రాల అనుభవం ఈయూఎస్‌కు అనుకూలంగా ఉంది. వీటిని చదివాక నాకు అర్థమైంది ఇది: మంచి చేతిలో రెండూ చాలినంత ముక్క తెస్తాయి, కొత్త దారి అన్న ఒక్క కారణంతో ఈయూఎస్‌ను ఎంచుకోనక్కర్లేదు. దానికి నిజమైన పైచేయి ఉన్న సందర్భాలు వేరే ఉన్నాయి. అన్నవాహికలో సిరలు ఉబ్బాయేమో చూడడానికి ఎండోస్కోపీ ఎలాగూ చేయాల్సిన రోగికి, పేగుల నుంచి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి కూడా కొలవాల్సిన రోగికి, పొట్ట లావుగా ఉండి పైనుంచి సూది దారి దొరకని రోగికి ఒకే మత్తులో పనులన్నీ అయిపోతాయి. కడుపులో నీరు బాగా చేరినవాళ్లకు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినవాళ్లకు మాత్రం మెడ సిర దారే మేలు.

కర్నూలు, కడప వాళ్లకు ఈ ఎంపికలో దూరం కూడా ఒక లెక్క. ఈయూఎస్ అంటే కర్నూలు వైపు వాళ్లు హైదరాబాద్ చూస్తారు. గచ్చిబౌలిలోని ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని నిలబెట్టి, ఎండోస్కోపీలో ప్రపంచం వచ్చి నేర్చుకునే స్థాయికి తెచ్చిన డాక్టర్ డి. నాగేశ్వర్‌రెడ్డి ఎంబీబీఎస్ చదివింది కర్నూలు మెడికల్ కాలేజీలోనే. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది. కడప వాళ్లకు తిరుపతి, వేలూరు దగ్గర, పెద్ద జబ్బంటే వేలూరు అన్న అలవాటు రాజంపేట, రాయచోటి ఇళ్లలో తరాల నాటిది. కాచిగూడలో ఎక్కించుకుని కర్నూలు, కడప మీదుగా రాత్రంతా నడిచే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో చేతిలో స్కానింగ్ కవర్లు పట్టుకున్నవాళ్లు రెండు దిక్కులా కనిపిస్తారు. చర్మం మీదుగా చేసే బయాప్సీకి అంత దూరం అవసరం ఉండకపోవచ్చు. అనుభవం ఉన్న రేడియాలజిస్టు, ఒక గన్, పడుకోబెట్టి కొన్ని గంటలు నాడీ బీపీ చూస్తుండే వార్డు, ముక్కను చదవగల పాథాలజిస్టు ఉంటే అది దగ్గర్లోనే అవుతుంది. ఈ నాలుగింటిలో మొదట వెతకాల్సింది పాథాలజిస్టునే. కాలేయం స్లైడులు రోజూ చదివే కళ్లు లేకపోతే, ముక్క ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు.

ఏ దారైనా రక్తస్రావం భయం కొద్దిగా ఉంటుంది. చర్మం మీదుగా చేసినప్పుడు ప్రాణం పోవడం పదివేలల్లో ఒకరికి మించదని అంచనా. రక్తస్రావం వస్తే చాలావరకు మొదటి కొన్ని గంటల్లోనే బయటపడుతుంది, అరుదుగా రోజుల తర్వాత కూడా రావొచ్చు. కాబట్టి అదే సాయంత్రం బస్సెక్కి నాలుగు వందల కిలోమీటర్లు వచ్చేయకూడదు. మొదటి రాత్రి ఆసుపత్రికి దగ్గర్లో ఉండాలి. గుండె కోసం వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సంగతి ముందే చెప్పాలి, వాటిని ఆపాలో వద్దో డాక్టరే తేల్చాలి. వారం పాటు వేరుశనగ మూటల్లాంటి బరువులు ఎత్తకూడదు. కళ్లు తిరిగినా, నల్లగా విరేచనమైనా, కుడి భుజం దాకా నొప్పి పాకినా వెంటనే వెనక్కి వెళ్లాలి.

రిపోర్టు చేతికొచ్చాక జబ్బు పేరు కంటే ముందు పై రెండు మూడు వరుసలు చదవండి. ముక్క ఎంత పొడవు, ఎన్ని తునకలు, ఎన్ని పోర్టల్ ట్రాక్టులు అన్నది అక్కడ రాసి ఉండాలి. అరసెంటీమీటరు తునకలో నాలుగు ట్రాక్టులు చూసి ఫైబ్రోసిస్ లేదని రాస్తే, ఆ మాటను అంతవరకే తీసుకుని, మళ్లీ చేయించాలా అని డాక్టరునే అడగండి. ఆ పరిమితిని తనే ముందుగా రాసిన పాథాలజిస్టు మీద గౌరవం పెంచుకోండి. రిపోర్టు కాగితంతో పాటు స్లైడులు, మైనం బ్లాకు అడిగి తెచ్చుకోవచ్చు. ముక్కను మైనంలో పోసి దిమ్మలా చేసిందే ఆ బ్లాకు, ఏళ్ల తరబడి చెడదు. కర్నూలులో తీసిన కణజాలాన్ని వేలూరులో మళ్లీ కోసి, మచ్చను నీలంగా చూపే ట్రైక్రోమ్ రంగు వేసి, ఇంకొకరు చదవొచ్చు. దానికి రోగి రైలెక్కాల్సిన పని లేదు, మళ్లీ సూది పొడిపించుకోవాల్సిన పనీ లేదు. ఎండ తగలకుండా ఒక డబ్బాలో పెట్టి, పేరు, తేదీ, బ్లాకు నంబరు రాసి, ఇంట్లో పట్టా కాగితాలు దాచే చోటే దాచండి.